మావారూ అమెరికా వెళ్ళారు

మా నెల్లూరు జిల్లాలో అమెరికా అనే మాట చాలా బరువైనది. ఊరికి ఇద్దరో ముగ్గురో పిల్లలు అక్కడ ఉంటారు. ఎవరింటికి వెళ్ళినా గోడమీద పెళ్ళి ఫోటో పక్కన మంచులో నిలబడి నవ్వుతున్న కొడుకు ఫోటో ఒకటి తప్పనిసరి. సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు "పిల్లోడు అమెరికాలో ఉండాడు" అంటే చాలు, ఏ ఊరు, ఏం పని అని రెండో ప్రశ్న వేసేవాళ్ళు తక్కువ. అలాంటిది 2021లో, పెన్న సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో ఉన్న మా చిన్న ఊళ్ళో, ఇంటర్ మధ్యలో వదిలేసి పటాలంలో చేరిన మావారు కూడా అమెరికా వెళుతున్నారని తెలిస్తే ఎంత సందడి అయి ఉంటుందో మీరే ఊహించుకోండి. పాలుపోసే ఆమె దగ్గర్నుంచి పంచాయతీ ఆఫీసు గుమాస్తా దాకా అందరిదీ ఒకటే మాట, "అదృష్టమంటే నీదమ్మా!"

మావారు మద్రాస్ రెజిమెంటు మనిషి. నీలగిరుల్లో వెల్లింగ్టన్ దాని కేంద్రం. 1758లో పుట్టిన పటాలం అది. మన పదాతి దళాల్లో అన్నిటికన్నా పాతది. మన దక్షిణాది పిల్లలు ఎక్కువగా చేరేది అందులోనే. దాని ఏడో బెటాలియన్ నుంచి 350 మందిని "యుద్ధ్ అభ్యాస్" అనే సంయుక్త విన్యాసాలకు పంపారు. ఈ విన్యాసాలు 2004లో మొదలయ్యాయి. ఒకసారి వాళ్ళ సైనికులు మన దేశానికి వస్తే, మరోసారి మనవాళ్ళు అక్కడికి వెళతారు. మన పల్లెల్లో కుండమార్పిడి సంబంధాలు చేసుకుంటారు చూడండి, ఇదీ అలాంటిదే. 2021 ఫిబ్రవరిలో వాళ్ళు రాజస్థాన్‌లో బికనీర్ దగ్గర మహాజన్ అనే ఎడారి ప్రాంతానికి వచ్చారు. మళ్ళీ అక్టోబరు 15 నుంచి 29 దాకా మనవాళ్ళు అలాస్కా రాష్ట్రంలో ఏంకరేజ్ ఊరి పక్కనున్న వాళ్ళ సైనిక స్థావరానికి వెళ్ళారు. మన ఎండ వాళ్ళకి, వాళ్ళ చలి మనకి!

ఊళ్ళోవాళ్ళకు అమెరికా అనే మాట వినబడింది. నాకు మాత్రం చలి అనే మాట వినబడింది.

మా అమ్మాయి అప్పుడు నాలుగో తరగతి. బడిలో ఇచ్చిన గ్లోబు తిప్పి తిప్పి అలాస్కా ఎక్కడుందో పట్టుకుంది. "అమ్మా, ఇది అమెరికా పక్కన లేదే! పైన ఎక్కడో రష్యా పక్కన ఉంది" అంది. నిజమే, 1867 దాకా అది రష్యావాళ్ళదే. డెబ్బై రెండు లక్షల డాలర్లకు అమ్మేశారట. పాప వేలు పెట్టిన చోటు గ్లోబు నెత్తిమీద తెల్లగా ఉన్న భాగానికి బెత్తెడు దూరంలో ఉంది. నేను బియ్యం ఏరుతూ ఆ వేలివైపే చూస్తుండిపోయాను. సముద్రపు గాలిలో, ఉప్పు చెమటలో పెరిగిన మనిషిని అంత చలిలోకి ఎందుకు తీసుకెళుతున్నట్టు? ఊరికే చూసి రమ్మని ఎవరూ విమానం ఎక్కించరు గదా. చలి నేర్పుతున్నారంటే రేపు చలిలో పని ఉందన్నమాట!

అప్పటికి గల్వాన్ జరిగి ఏడాది దాటింది. 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మనవాళ్ళు ఇరవై మంది చనిపోయారు. వాళ్ళ నాయకుడు కర్నల్ సంతోష్ బాబు మన తెలుగువాడే, సూర్యాపేట ఆయన. టీవీలో ఆ ఇంటిని, ఆ తల్లిని, భార్యని, పిల్లల్ని చూపిస్తుంటే మా ఇంట్లో ఎవరమూ అన్నం ముట్టలేదు. ఆ చలికాలంలో మన సైనికుల కోసం చలి దుస్తులు కొన్ని అమెరికా నుంచే తెప్పించారని పేపర్లో వచ్చింది. ముందు బట్టలు వచ్చాయి, తర్వాత చదువు చెబుతున్నారు అనుకున్నాను. ఈ లెక్క కట్టడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. పటాలంలో మొగుడున్న ఏ ఆడదైనా పేపర్ చదివే పద్ధతే అంత.

అయితే ఈ మాట ఎవరితో అనేది? "అదృష్టవంతురాలివి" అన్నవాళ్ళతో అంటే ఏడుపుగొట్టు అంటారు. అత్తమ్మతో అంటే ఆమె నిద్ర పోదు. ఆయనతో ఫోనులో అంటే ఆయన మాట్లాడకూడదు. అలా లోపలే దాచుకుని, వచ్చినవాళ్ళందరికీ కాఫీలు కలిపి ఇచ్చాను.

సెప్టెంబరులో ఆయన వారం రోజుల సెలవు మీద వచ్చారు. కరోనా రెండో విడత కారణంగా అంతకుముందు సెలవు రద్దయి, పాప చెవులు కుట్టించడం కూడా వాయిదా పడింది. (ఆ మే నెలలోనే కృష్ణపట్నంలో ఆనందయ్య మందుకోసం జనం కిలోమీటర్ల కొద్దీ నిలబడ్డారు, మీకు గుర్తుండే ఉంటుంది.) ఉన్న ఏడు రోజుల్లో చెవులు కుట్టించాం, మిగతా రోజులన్నీ అత్తమ్మ పొయ్యి దగ్గరే గడిపింది. కొడుకు దేశం కాని దేశం పోతున్నాడు, అక్కడ ఏం పెడతారో ఏమోనని ఎండు నెత్తళ్ళ కారం డబ్బాడు చేసింది. తీసుకెళ్ళకూడదని ఆయన ఎంత చెప్పినా వినలేదు.

"ఏంరా, నెత్తళ్ళు తుపాకులంటరా, పట్టుకోడానికి?"

"అమ్మా, ఆ దేశంలోకి ఇట్టాంటివి రానీరు. లిస్టు ఇచ్చుండారు మాకు."

"లిస్టులో రాయకపోతే జోబీలో పెట్టుకోరా."

ఆ డబ్బా చివరికి మా ఇంట్లోనే ఉండిపోయింది. అడిగినవాళ్ళ కోసం చేసే విధానం కూడా చెబుతాను. ఎండు నెత్తళ్ళకు తలలు తీసి, ఇసుక లేకుండా దులిపి, నూనె లేకుండా సన్నసెగమీద కరకరలాడేదాకా వేయించాలి. పిడికెడు ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, చెంచా జీలకర్ర విడిగా వేయించుకుని, చిన్న చింతపండు రెబ్బ, పది వెల్లుల్లి రెబ్బలతో కలిపి రోట్లో దంచాలి. నెత్తళ్ళు ఆఖర్న వేసి కచ్చాపచ్చాగా దంచితేనే రుచి. ఉప్పు మాత్రం రుచి చూశాకే వేయండి, ఎండు చేపలోనే సగం ఉప్పుంటుంది. తడి తగలకపోతే నెల రోజులు నిలవ ఉంటుంది. వేడన్నంలో నెయ్యితో బాగుంటుంది గానీ మాకు కారం దోసె మీద చల్లుకోవడమే ఇష్టం.

అత్తమ్మది ఆ గొడవైతే మామయ్యది ఇంకో గొడవ. పుచ్చలపల్లి సుందరయ్యగారిది మా జిల్లా అలగానిపాడే కదా. మామయ్య కుర్రతనంలో ఆయన ఉపన్యాసాలు విని ఎర్రజెండా పట్టుకున్న మనిషి. కొడుకు సైన్యంలో చేరినందుకు ఆయనకు బాధ లేదు. కానీ అమెరికావాళ్ళతో కలిసి శిక్షణ అనేసరికి మాత్రం మంచంమీద నుంచి లేచి కూర్చున్నారు.

"1971లో ఏం చేశారో మీకు తెలవదు. మనం బంగ్లాదేశ్ కోసం కొట్లాడుతుంటే ఎంటర్‌ప్రైజ్ అనే పెద్ద వోడని మన బంగాళాఖాతంలోకే పంపించారు బెదిరించడానికి. రేడియోలో విన్నా నేను. ఈ సముద్రంలోకేనమ్మా!" అని చేత్తో తూర్పుకు చూపించారు. ఆ డిసెంబరులోనే విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిందని కూడా చెప్పారు. 2007లో అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, సింగపూర్‌లతో కలిసి మనవాళ్ళు బంగాళాఖాతంలో "మలబార్" విన్యాసాలు చేసినప్పుడు వామపక్షాలవాళ్ళు చెన్నై నుంచీ కలకత్తా నుంచీ విశాఖకు జాతాలు నడిపారు. "ఆ పొద్దు వొద్దన్నాం. ఈ పొద్దు నా కొడుకే పోతుండాడు" అని మళ్ళీ పడుకున్నారు.

ఆయన మాటలో న్యాయం లేదని నేననను. దేశాల స్నేహాలు మన ఇరుగుపొరుగు స్నేహాల్లాంటివి కావు. ఇవాళ అవసరం ఉంటే ఇవాళ కలుస్తారు. మన ప్రభుత్వం కూడా దీన్ని కూటమి అనదు, భాగస్వామ్యం అంటుంది. ఒకరి రేవుల్లో ఒకరు ఇంధనం, సరుకులు తీసుకునే ఒప్పందం 2016లో జరిగింది. చిత్రమేమిటంటే సరిగ్గా మావారు బయల్దేరిన రోజుల్లోనే, 2021 అక్టోబరు 12 నుంచి 15 దాకా, మలబార్ రెండో దశ మన బంగాళాఖాతంలోనే జరిగింది. అమెరికా విమానవాహక నౌక కార్ల్ విన్సన్ కూడా వచ్చింది. మామయ్య ఆ వార్త చదివి, "చూసినావా, వాళ్ళు మన సముద్రంలో, మనోడు వాళ్ళ మంచులో" అన్నారు. కోపంగా అన్నారో ఆశ్చర్యంగా అన్నారో నాకు తెలియలేదు.

అలాస్కాకూ మనకూ పదమూడున్నర గంటల తేడా. వాళ్ళకు రాత్రి ఎనిమిదైతే మనకు మర్నాడు ఉదయం తొమ్మిదిన్నర. పాపను బడికి పంపి, గిన్నెలు తోముకుని కూర్చునే సమయానికి ఫోను మోగేది. రోజూ కాదు, ఆ రెండు వారాల్లో నాలుగుసార్లు. అక్కడ ఆ రోజుల్లో తొమ్మిదైతే గాని తెల్లారదని, పైన్ చెట్లమీద మంచు పడి ఉంటుందని, దుప్పికి గుర్రానికి మధ్యగా ఉండే మూస్ అనే పెద్ద జంతువు దర్జాగా రోడ్డు దాటుతుందని చెప్పేవారు. అత్తమ్మకు మాత్రం ఒకటే ప్రశ్న, "సముద్రముందా అక్కడ?" ఉందన్నారు. అక్కడ 1964లో పెద్ద భూకంపం వచ్చిందని, తీవ్రత 9.2 అని, ఏంకరేజ్ ఊరు చీలిపోయిందని, తీరమంతా సునామీ కొట్టిందని చెప్పారు. అత్తమ్మ గమ్మున అయిపోయింది. 2004 డిసెంబరు 26న మా తీరాన్ని సముద్రం ఎలా తాకిందో చూసిన మనిషి ఆమె. "అయితే వాళ్ళూ మనలాంటోళ్ళే" అంది. ఆ రోజు నుంచి ఆమె నెత్తళ్ళ మాట ఎత్తలేదు.

నేను అడిగింది చలి గురించే. ఏం నేర్పుతున్నారు, ఎట్లా నేర్పుతున్నారు అని. ఆయన చెప్పగలిగినంత చెప్పారు. చలిలో మొదటి శత్రువు చెమటట! బరువు మోస్తూ నడిచేటప్పుడు చెమట పట్టిందంటే ఆగిన మరుక్షణం అదే గడ్డకడుతుంది. అందుకని కొంచెం చలేస్తుండగానే బయల్దేరాలి, పైబట్ట తీసేసి నడవాలి, ఆగగానే వేసుకోవాలి. మేజోళ్ళు తడిస్తే ఎంత పని ఉన్నా ఆగి మార్చుకోవాలి. బిగుతు బూట్లు వేసుకోకూడదు, రక్తం ఆడాలి. అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది ఇంకోటి. చలి కొరికితే ముక్కూ చెవులూ నొప్పి పుట్టవట, మొద్దుబారి తెల్లబడతాయట. ఎవరి ముఖం వాళ్ళకు కనబడదు కదా. అందుకని ఇద్దరిద్దర్ని జత కట్టి, కొంతసేపటికోసారి ఒకరి ముఖం ఒకరు చూసుకోమంటారు. మావారి జత ఒక అమెరికన్ కుర్రాడు, విమానంలోంచి దూకే దళంవాడు. ఇద్దరికీ భాష అంతంతమాత్రమే. "వాడు నా ముక్కు చూస్తాడు, నేను వాడి ముక్కు చూస్తా. అదీ స్నేహం" అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఎవరో తల్లి కన్న బిడ్డ మా ఇంటాయన ముఖం తెల్లబడిందేమోనని చూస్తున్నాడు. ఈయన వాడిది చూస్తున్నారు. ఆ పిల్లవాడి తల్లి కూడా ఫోను కోసం కూర్చుని ఉంటుందా? రెండు దేశాలు ఏం ఒప్పందాలు రాసుకున్నా నాకు అర్థమైన ఒప్పందం ఇదే.

ఆటలూ ఉన్నాయి. మనవాళ్ళనీ వాళ్ళనీ కలిపి జట్లు చేసి వాలీబాల్, వాళ్ళ ఫుట్‌బాల్, మన కబడ్డీ ఆడించారు. ఆ వీడియో టీవీలో కూడా వచ్చింది. ఆరడుగుల తెల్లవాళ్ళు గీత దాటి వచ్చి మనవాళ్ళ చేతుల్లో చిక్కి గింజుకుంటుంటే ఊరంతా మా ఇంట్లో చేరి ఒకటే నవ్వులు. మామయ్య కూడా కళ్ళజోడు తెచ్చుకుని చూశారు. "చెడుగుడులో మాత్రం మనమే గెలస్తాంలే" అన్నారు. అంతకుమించి ఆయన ఒప్పుకోలేదు, ఇవాళ్టికీ ఒప్పుకోరు.

నవంబరులో ఆయన సెలవుమీద ఇంటికి వచ్చారు. వచ్చిన వారానికి పెన్న వచ్చింది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటిమీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్ళు, సోమశిల వదిలిన నీళ్ళు కలిసి నెల్లూరుమీదకు వచ్చిపడ్డాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, జాతీయ రహదారి మీద లారీలు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోయాయి. మా ఊరి పల్లపు వీధిలోకి అర్ధరాత్రి నీళ్ళు వచ్చాయి. రొయ్యల గుంటలు ఏవో, దారి ఏదో తెలియకుండా అంతా ఒకటే నీళ్ళు.

ఆ రాత్రి ఆయన చేసిన పని గురించి గొప్పలు చెప్పను. సర్కారు పడవలు తెల్లారాక వచ్చాయి, అసలు పని వాళ్ళదే. కానీ అంతకుముందు నాలుగు గంటలు మా వీధి కుర్రాళ్ళు పదకొండు మంది ఆయన వెంట ఉన్నారు. ముందు వాళ్ళను ఇద్దరిద్దరిగా జత కట్టారు. జతలో ఒకడు కనబడకపోతే రెండోవాడు అరవాలి. చెప్పిన ప్రతి మాటా విన్నవాడు తిరిగి చెప్పాలి. "ముసలమ్మను బడిమీదికి" అంటే "ముసలమ్మను బడిమీదికి" అనాల్సిందే. మొదట కుర్రాళ్ళకు నవ్వులాటగా ఉంది. చీకట్లో, ఆ హోరులో కాసేపటికి ఎందుకో తెలిసింది. ఇది మన సైన్యంలో ఉన్న పద్ధతేనట. కానీ భాష తెలియని వాళ్ళతో పనిచేసినప్పుడు దాని విలువ ఇంకా తెలిసిందన్నారు. మా వీధిలో మనుషులెవరికీ ఏమీ కాలేదు. గేదెలు రెండు పోయాయి.

నీళ్ళు తీశాక అరుగుమీద బురద కడుగుతూ ఆయన మామయ్యతో అన్నారు, "నాయనా, 2019లో ఇదే పని కాకినాడలో చేశారు. టైగర్ ట్రయంఫ్ అని పేరు. వాళ్ళ నావికులు, మన మూడు దళాలవాళ్ళు కలిసి, తుపాను వస్తే సముద్రం మీంచి సాయం ఎట్టా దించాలా అని." తుపాను అంటే మామయ్య కాదనలేరు. 1984లో శ్రీహరికోట దగ్గర, 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుపాన్లు రెండూ ఆయన చూసినవే. "తుపానుకైతే ఎవడొచ్చినా సరే" అన్నారు. అది కూడా బురదవైపు చూస్తూ.

నా లెక్క తప్పలేదు. 2022 నవంబరులో అమెరికావాళ్ళు మన దేశానికి వచ్చినప్పుడు విన్యాసాలు జరిగింది ఈసారి ఎడారిలో కాదు, ఉత్తరాఖండ్‌లోని ఔలీ అనే మంచుకొండల్లో. అక్కడికి చైనా సరిహద్దు వంద కిలోమీటర్లు. చైనావాళ్ళు అభ్యంతరం కూడా చెప్పారు. మావారు ఆ తర్వాతి చలికాలం ఎక్కడ గడిపారో నేను రాయకూడదు, రాయను. నెలకోసారి ఫోను వచ్చేది, గాలి హోరు తప్ప సగం మాటలు వినబడేవి కావు. "జత ఎవరు?" అని అడిగేదాన్ని. "తంబి ఒకడున్నాడు, తిరునల్వేలి" అనేవారు. "చూస్తున్నాడా?" "చూస్తున్నాడు." అంతే, పెట్టేసేదాన్ని. ఆ రెండు మాటలతో నాకు నెల గడిచేది. 2024లో పెన్షన్ తీసుకుని ఇంటికి వచ్చారు. ఎడమకాలి చిటికెన వేలికి మాత్రం ఇప్పటికీ స్పర్శ లేదు.

ఇప్పుడాయన రొయ్యల గుంట చూసుకుంటున్నారు. దానికీ అమెరికాయే వచ్చి పడింది చూడండి! 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకులమీద వాళ్ళు 50 శాతం సుంకం వేశారు. మా తీరంలో పండే రొయ్యలకు పెద్ద గిరాకీ వాళ్ళ దేశమే. కొనేవాళ్ళు రేటు తగ్గించేశారు, కొన్ని గుంటలు ఎండబెట్టుకోవాల్సి వచ్చింది. సరిగ్గా ఆ వారంలోనే, సెప్టెంబరు 1 నుంచి 14 దాకా మళ్ళీ యుద్ధ్ అభ్యాస్, మళ్ళీ అలాస్కాలోనే, ఫోర్ట్ వెయిన్‌రైట్ అనే చోట. ఈసారి కూడా వెళ్ళింది మద్రాస్ రెజిమెంటు బెటాలియనే. మామయ్యకు పండగే. "రొయ్యల కాడ పగోడు, తుపాకుల కాడ స్నేహితుడా?" అని వచ్చినవాళ్ళందరినీ అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. మావారు నవ్వి వలలు సరిచేసుకున్నారు.

వాళ్ళు బయల్దేరే ముందు పక్క ఊరి నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పెళ్ళయి ఏడాదిన్నర, చంకలో పిల్లవాడు. వాళ్ళాయన కూడా వెళుతున్నాడట. ఏం సర్దాలో అడుగుదామని వచ్చింది. అత్తమ్మ పిల్లవాణ్ణి అందుకుంది. మావారు మేజోళ్ళ గురించి, చెమట గురించి చెప్పి గుంట దగ్గరికి వెళ్ళిపోయారు. నేను పెనంమీద దోసె వేస్తుంటే ఆ అమ్మాయి వంటింటి గడపలో నిలబడి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, మా ఊళ్ళో అందరూ అమెరికా అమెరికా అంటుండారు. అంత చలి నేర్పిచ్చి, మళ్ళా ఆయన్ని యాడికి పంపిస్తారక్కా?"

నేను దోసె తిరగేసి, కూర్చోమని పీట వేసి, నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. ఆయన అక్కడికి చేరగానే జత ఎవరో పేరు కనుక్కోమన్నాను.